కుడివైపు పై మూల

మా పక్కింటి కుట్టుమిషను వదిన పాలావిడతో అన్నదట. పాలావిడ మా అత్తయ్య చెవిన వేసింది. అత్తయ్య పాలగిన్నె పట్టుకుని లోపలికి వస్తూనే ఆ మాటలన్నీ తెచ్చి నా ముందు కుమ్మరించింది.

“బట్టలు కొనడానికి వెళ్తే పావుగంటలో తిరిగొచ్చే మనిషివి, వేలెడంత అద్దం ముక్క కోసం ఆ కొట్టు గడప అరగదీస్తున్నావట. వారానికొకటి తెస్తావట, మళ్ళీ తిప్పి ఇచ్చేస్తావట. మొగుణ్ణి కూడా ఇంత పరీక్ష చేసి కట్టుకుని ఉండదని వీధి వీధంతా నవ్వుతోందట.”

నేనూ నవ్వాను. ఆ ఎండాకాలం మొదట్లో మాకింకా నవ్వే ఓపిక ఉండేది. ఎండలు తగ్గేసరికి మేం ఆ వీధిలో లేం.

వదిన అన్నదాంట్లో అబద్ధమేం లేదు. ఇంటి ముందుగదిలో నాది చిన్న ఫోటో స్టూడియో. అంతకు ముందు ఏడాది, ఉన్న బంగారంలో సగం మార్చి ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ అనే ఖరీదైన కెమెరా కొన్నాను. దానితో వచ్చిన జూమ్ లెన్సు ఎండలో పరవాలేదు, గదిలోకి వస్తే గుడ్డిది. మంచి ప్రైమ్ లెన్సు ఒకటి కావాలి. ప్రైమ్ అంటే జూమ్ ఉండనిది. మనిషిని దగ్గరికి లాగాలంటే తిప్పడానికి అందులో ఏమీ ఉండదు, మనమే నాలుగడుగులు ముందుకు వెయ్యాలి. మూడు రకాలు నా కళ్ళలో తిరుగుతున్నాయి: ముప్పై అయిదు, యాభై, ఎనభై అయిదు మిల్లీమీటర్లవి. ముప్పై అయిదు ఇల్లంతా చూస్తుంది. యాభై మన కన్ను చూసినంతే చూస్తుంది. ఎనభై అయిదు ఒక్క మనిషిని పట్టుకుని మిగతా లోకాన్ని కరిగించేస్తుంది. కొనగలిగేది ఒక్కటే.

లెన్సుల కొట్టు ముసలాయన పేరు ఎవరికీ గుర్తులేదు. కుడికంటికి ఎప్పుడూ భూతద్దం బిగించుకుని కూర్చుంటాడు కాబట్టి భూతద్దం తాత. వెళ్ళినవాళ్ళకు వెంటనే లెన్సు అమ్మడు. డబ్బు చూపించినా అమ్మడు.

“వారం కాపరం చెయ్యమ్మా దీంతో. తర్వాత మాట్లాడదాం. ఒకటి గుర్తుపెట్టుకో, మధ్యలో ఏ లెన్సైనా బాగానే కనబడుతుంది. నడిమధ్యన మంచిగా కనబడ్డం ఎవరికైనా చేతనవుతుంది. మూలలు చూడు. కంప్యూటర్లో పెద్దది చేసి నాలుగు మూలలూ ఒక్కొక్కటే చూడు. లెన్సు బుద్ధి అక్కడ బయటపడుతుంది.”

లెన్సు తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన అడిగేది కూడా ఒకటే మాట. “మూలలు చూశావా?”

అలా నాకొక అలవాటు పడింది. ఫోటో తీసినవాళ్ళెవరైనా ముందు మొహం చూసుకుంటారు. నేను ముందు మూలలు చూసేదాన్ని.

* * *

నూలు మిల్లు ఆగిపోయి అప్పటికి ఆరు రోజులు. మనిషికి రెండు మిషన్లు చూసేవాళ్ళని మూడు చూడమన్నారు. కుదరదని అందరూ గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. మా ఆయన మిల్లు స్టోర్సులో పని. కండెలూ, బెల్టులూ, నూనె డబ్బాలూ ఆయన చేతిమీదుగానే వెళ్ళాలి. మాట తక్కువ మనిషి. ఏదైనా ఇబ్బంది వస్తే ఎడమచేత్తో మెడ వెనక గోక్కుంటాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన మనసు తెలుసుకోవడానికి నాకు ఆ మెడే ఆధారం.

టెంటుకి వెళ్ళేటప్పుడు ఆయన ఎక్కువగా వేసుకునేది వదిన కుట్టిన కొత్త చొక్కా. లేత ఆకుపచ్చ. ఆ చొక్కా ఇవ్వడానికి వచ్చినప్పుడు వదినే నవ్వుతూ చెప్పింది. “ముక్క చాల్లేదమ్మాయ్. జేబు నా దగ్గరున్న ముదురు గోధుమరంగు గుడ్డతో వేశాను. ఎవరన్నా అడిగితే కొత్త ఫ్యాషనని చెప్పు.”

“అడిగితే కదా! ఈయన జేబు వైపు నేనే చూడను, అందులో ఏముంటుంది గనక,” అన్నాను. ఆయన కూడా నవ్వాడు.

సమ్మె మొదటివారం యాభైతో తీశాను. స్టూడియోకి ఎవరూ రావడం లేదు కాబట్టి టెంటే నా స్టూడియో. వదిన మొగుడు ఫిట్టరన్నయ్య పేకముక్కలు పంచుతుంటే తీశాను. ఆయన మా వీధిలో అందరి పంపులూ, ఫ్యాన్లూ ఊరికే బాగుచేసి పెట్టే మనిషి. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. “నన్ను సన్నగా తియ్యమ్మా, మా ఆవిడ గుర్తుపట్టకూడదు,” అన్నాడు.

రెండోవారానికి జోకులు తగ్గాయి. మిల్లు సైరను మోగకపోతే ఊరు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని మాకు తెలియదు. వీధి చివర ఇద్దరు మనుషులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక మోటారు సైకిలుకి ఆనుకుని నిలబడేవాళ్ళు. ఎవరినీ ఏమీ అనరు. వచ్చేపోయేవాళ్ళని చూస్తారు, అంతే. అత్తయ్య చెత్త పారబోయడానికి వెళ్ళినా తలుపు దగ్గరికి లాగి వెళ్ళేది. టెంట్లో మాట్లాడుకున్న మాటలు సాయంత్రానికల్లా మేనేజరు గదిలో వినబడుతున్నాయని పుకారు. ఎవరు చెబుతున్నారో తెలియదు. మనుషులు టీ గ్లాసు అడ్డం పెట్టుకుని మాట్లాడ్డం మొదలుపెట్టారు.

“ఎవడో ఒకడు మోస్తున్నాడు,” అని ఫిట్టరన్నయ్య మా అరుగుమీద కూర్చుని అందరికీ వినబడేలా అన్నాడు. “దొరికితే వాడి రెండు చేతులూ బెల్టు మిషన్లో పెడతాం.”

మా ఆయన లోపల కంచం ముందున్నాడు. మెడ గోక్కున్నాడు. ఉక్కపోత కదా అనుకున్నాను.

* * *

సంఘం పెద్ద పెద్దమేస్త్రీ నన్ను పిలిపించాడు. అరవై ఏళ్ళ మనిషి, మీసం మాత్రం పాతికేళ్ళది.

“టెంట్లో కూర్చున్నది నలభైమందేనని కంపెనీవాడు పేపర్లో రాయించాడమ్మా. మేమెంతమందిమో ఒక్క ఫోటోలో పడాలి. ఒక్కొక్కడి మొహం వేలు పెట్టి లెక్కపెట్టేట్టు ఉండాలి. ఫ్లెక్సీ వేయించి గేటుకి ఎదురుగా కడతా. వాడి కళ్ళలో పొడుచుకోవాలి.”

భూతద్దం తాత ఆ వారం నాకిచ్చిన లెన్సు ముప్పై అయిదు. సరిగ్గా కావలసింది అదే. పొద్దున పదిగంటలకి టీకొట్టు డాబా ఎక్కాను. కింద మిల్లు గేటు, దాని ముందు జనం, వాళ్ళ వెనక పొడుగాటి ప్రహరీ. లెన్సు కన్ను, అంటే వెలుతురు వచ్చే కంత, ఎనిమిదో అంకెకి మూశాను. అలా చిన్నది చేస్తే దగ్గరున్నవాడూ దూరమున్నవాడూ ఒకే తీరుగా కొట్టొచ్చినట్టు పడతారు.

పెద్దమేస్త్రీ మైకు అందుకున్నాడు. “తలలెత్తండి! కళ్ళు మూసినవాణ్ణి సంఘంలోంచి తీసేస్తా!”

మూడొందల మంది ఒక్కసారి నవ్వారు. నొక్కాను.

మా ఆయన పొద్దున బయల్దేరుతూ, “నేను వెనక వరసలో ఉంటాలే. నా బొమ్మ పెద్దగా పడక్కర్లేదు,” అన్నాడు. నేను ఆయన కోసం వెతకలేదు. కెమెరా వెనక తెరమీద మధ్యభాగం పెద్దది చేసి చూశాను. పెద్దమేస్త్రీ మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. చాలనుకున్నాను. ఫ్లెక్సీ వేసేవాడు కింద మోటారు సైకిలు దిగకుండానే తొందరపెడుతున్నాడు. ఫోటో ఉన్నదున్నట్టు, పూర్తి సైజులో వాడికి ఎక్కించి ఇచ్చేశాను. ఆ ఎండాకాలంలో నేను చేసిన పెద్ద తప్పు అదే. మూలలు చూడకుండా ఫోటో చేతులు మార్చాను.

మధ్యాహ్నం అత్తయ్య నిద్రపోయింది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని మొహాలు లెక్కపెట్టాను. మూడొందల పన్నెండు. లెక్కపెడుతూ వెనక వరసలో మా ఆయన కోసం చూశాను. కనబడలేదు. ఇంకోసారి చూశాను. ఎవరి తల వెనకో ఉండి ఉంటాడు.

సరే, తాత అడుగుతాడు కదా అని మూలలకి వెళ్ళాను. ఎడమ కింద మూల: టీకొట్టు రేకు, రేకుమీద తుప్పు పొరతో సహా. ఎడమ పై మూల: కరెంటు తీగలు, పిట్ట. కుడి కింద మూల: ఎవరిదో చెప్పుల జత. లెన్సు భలే ఉంది అనుకుంటున్నాను. ఇదే తీసుకుంటాను, ఇక తిరగను అని మనసులో అనుకుంటూనే నాలుగో మూలకి జరిగాను.

కుడివైపు పై మూలలో ప్రహరీ తిరిగే చోట తుక్కు బయటకు తీసే చిన్న గేటు ఉంది. ఎప్పుడూ మూసి ఉండే గేటు. ఫోటోలో అది ఒక మనిషి పట్టేంత తెరిచి ఉంది. లోపలి వైపున టైమాఫీసు గుమాస్తా, బట్టతలమీద రుమాలు. బయట ఇంకొక మనిషి. లేత ఆకుపచ్చ చొక్కా. రొమ్ముమీద గోధుమరంగు మచ్చ. కుడిచేత్తో మడిచిన కాగితం అందిస్తున్నాడు. ఎడమచెయ్యి మెడ వెనక ఉంది.

మొహం ముప్పై చుక్కలు కూడా లేదు. పెద్దది చేస్తే గళ్ళుగళ్ళుగా విడిపోయింది. ఏ కోర్టూ అది ఫలానా మనిషని చెప్పలేదు. నేను చెప్పగలను.

కంప్యూటర్ కట్టేశాను. కట్టేశాక కూడా ఆ మూల అలాగే కళ్ళముందు వెలుగుతోంది. జీతం బాకీ కాగితమేమో. సెలవు చీటీ ఏమో. స్టోర్సు తాళాల సంగతేమో. ఒక్కొక్కటీ అనుకుని చూశాను. ఒక్కటీ నిలబడలేదు. అటువంటి కాగితమైతే మూడొందలమంది కెమెరా వైపు చూస్తున్న నిమిషం కోసం ఎవడు కాచుకుంటాడు?

సాయంత్రం ఆయన వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎప్పుడూ అడగని మాట అడిగాడు.

“ఆ కొత్త లెన్సు, ఎంత దూరం చూస్తుంది?”

“చాలా దూరం చూడదండీ. వెడల్పుగా చూస్తుంది.”

“ఊఁ,” అన్నాడు. టీ సగం తాగి కింద పెట్టాడు.

* * *

ఫ్లెక్సీ మర్నాటికల్లా కట్టేశారు. పది అడుగుల వెడల్పు. నేను వెళ్ళేసరికి దాని ముందు తిరునాళ్ళలా ఉంది.

“ఓరి, నా బట్టతల అంత మెరుస్తుందా!”

“నువ్వేంట్రా ఏడ్చినట్టున్నావు?”

“నవ్వానురా. నా నవ్వంతే.”

అందరూ ఎవరి మొహం వాళ్ళు వెతుక్కుంటున్నారు. మూడో వరసలో ఫిట్టరన్నయ్య నోరంతా తెరిచి నవ్వుతూ ఉన్నాడు. కుడివైపు పై మూల వెదురుకర్రకి కట్టిన చోట ఉంది. ఆ మనిషి అందులో జానెడున్నాడు. గాలి వచ్చినప్పుడల్లా ఫ్లెక్సీ ఉబ్బి ఆ మూల ముందుకి వస్తోంది, మళ్ళీ వెనక్కి పోతోంది. నా ఊపిరి కూడా దాంతోపాటే. ఎవరైనా మొహం వెతుక్కుంటూ కాస్త పైకి చూస్తే చాలు.

పెద్దమేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. “బాబాయ్, ఇది అంత బాగా రాలేదు. ఇంకోటి తీసిస్తాను. ఇది విప్పించెయ్యండి.”

“బాగా రాకపోవడమేంటి? నా మీసం చూడు!”

అయినా వదల్లేదు నేను. కొట్టుకి పరిగెత్తాను. నా వారం ఇంకా నాలుగు రోజులుండగానే ఎనభై అయిదు అడిగాను. తాత భూతద్దం పైకెత్తి నన్ను చూశాడు, లెన్సు ఇచ్చాడు. దాని కన్ను పూర్తిగా తెరిచి, పెద్దమేస్త్రీని ముందు నిలబెట్టి తీశాను. ఆయన మొహంమీద ముడతలన్నీ చెక్కినట్టు వచ్చాయి. వెనక జనం, ప్రహరీ, గేటు అంతా వెన్నలా కరిగిపోయింది. అంత అందమైన ఫోటో నేను అంతకుముందు తియ్యలేదు. అంత భయంతో కూడా తియ్యలేదు.

పెద్దమేస్త్రీ ఫోన్లో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నేను దొరబాబులా ఉన్నాను గానీ, వీళ్ళేరమ్మా? మూడొందలమందినీ పొగ చేశావేంటి? కంపెనీవాడు కోరుకునేదే ఇది కదా!”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఫ్లెక్సీ అక్కడే ఉండిపోయింది.

* * *

నాలుగోరోజు పదకొండుమందికి ఉత్తరాలొచ్చాయి. పనిలోంచి తీసేసినట్టు. ఆ పదకొండుమంది పేర్లు ఎలా తెలిశాయన్నది పెద్ద ప్రశ్న కాదు. ఎందుకు ఆ పదకొండుమందే అన్నది ప్రశ్న. సరుకు లారీలు ఆపాలని ఒక గదిలో కూర్చుని అనుకున్నది సరిగ్గా వాళ్ళే. ఆ గదిలో టీలు అందించినవాళ్ళూ, గుమ్మంలో కాపలా ఉన్నవాళ్ళూ ఇంకో ఇద్దరు, వాళ్ళకి ఉత్తరాలు రాలేదు. ఒకడు ఫిట్టరన్నయ్య. ఇంకొకడు మా ఆయన.

వేలు ఫిట్టరన్నయ్య వైపే తిరిగింది. ఎందుకు తిరగదు? వదిన మేనేజరు ఇంట్లోవాళ్ళ బట్టలు కుడుతుంది. కిందటేడు ఆయన మేనేజరు ఇంటి పంపు బాగుచేశాడు. పైగా నోరు పెద్దది. ఎక్కువ అరిచేవాడే దొంగ అని ఎవరో అన్నారు, అది అందరికీ నచ్చింది. మా ఆయన సంగతి ఎవరికీ తోచలేదు. ఆయన ఎక్కడున్నా లేనట్టే ఉంటాడు.

పట్టపగలు, వీధంతా చూస్తుండగా, టెంటువాళ్ళే నలుగురు ఫిట్టరన్నయ్య సైకిలు తెచ్చి మా ఇంటి ముందే చక్రాలు వంచేశారు. ఆయన్ని ముట్టుకోలేదు. “రేపు సైకిలు కాదు,” అన్నారు, వెళ్ళిపోయారు. నేను స్టూడియో కిటికీ వెనక నిలబడి చూశాను. నా వెనక మా ఆయన నిలబడి చూస్తున్నాడు. ఆయన ఊపిరి నా మెడమీద తగులుతోంది.

“పాపం,” అన్నాడు.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

నోరు విప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. బెల్టు మిషన్ మాట అరుగుమీద నేను విన్నదే. విప్పకపోతే ఏమవుతుందో ఎదురుగా రోడ్డుమీద వంకర్లు తిరిగి పడుంది. చెప్పాలని రెండుసార్లు వదిన గుమ్మం దాకా వెళ్ళాను. మొదటిసారి వదిన, “మీ ఇంటివాళ్ళే మాతో మాట్లాడుతున్నారమ్మాయ్,” అని నా చెయ్యి పట్టుకుంది. రెండోసారి తలుపు వేసుంది. లోపల మిషను చప్పుడు లేదు. ఎవరూ కుట్టడానికి బట్టలివ్వడం లేదు.

ఇంటికొచ్చి దండెం దగ్గర ఆగాను. ఆకుపచ్చ చొక్కా ఆరేసి ఉంది. ఎండకి జేబు రంగు ఇంకా ముదిరినట్టు, వీధిలోంచి చూసినవాళ్ళని పిలుస్తున్నట్టు ఉంది. తీసుకెళ్ళి స్టూడియోలో కత్తెర పెట్టాను. ముందు జేబు కత్తిరించి పొయ్యిలో పడేశాను. మిగతాది అరచెయ్యంత ముక్కలు చేసి కెమెరా సంచిలో సర్దాను. లెన్సు తుడవడానికి మెత్తటి పాతగుడ్డ కంటే మంచిది లేదు.

మర్నాడు పొద్దున ఆయన దండెం దగ్గరా, పెట్టె దగ్గరా వెతికాడు.

“నా ఆకుపచ్చ చొక్కా ఏది?”

“చిరిగిపోయిందండీ. గుడ్డముక్కలు చేశాను.”

“మొన్ననే కదా కుట్టించింది?”

నేను లెన్సు తుడుస్తున్నాను. తలెత్తలేదు. ఆయన నా చేతిలో ఉన్న ముక్కని చూశాడు. తర్వాత పాత తెల్ల చొక్కా తీసుకుని, గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ చొక్కా గురించి మళ్ళీ అడగలేదు. నేనూ ఆ కాగితం గురించి అడగలేదు. కాపరంలో అంతకంటే పెద్ద మాట మేం ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

* * *

కొట్టుకి వెళ్ళి ఎనభై అయిదే కొంటానన్నాను.

“నీకు ముప్పై అయిదు నచ్చుతుందనుకున్నానే. మూలలు చూశావా?”

“చూశాను తాతా. మెత్తగా ఉన్నాయి. సరిగ్గా కనబడ్డం లేదు.”

తాత భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు. అది లేకపోతే ఆయన కన్ను ఇంత చిన్నదా అనిపించింది. “మెత్తగానా? నా కొట్టులో మూలలు నిలబెట్టే లెన్సు ఉందంటే అదొక్కటే. ఫోటో చూపించు.”

“తీసేశాను.”

“పోనీలే,” అన్నాడు, ఎనభై అయిదుని పెట్టెలో పెడుతూ. “కొంతమందికి ఎక్కువ కనబడితే పడదు. తప్పేం లేదు.”

పెట్టె సంచిలో పెట్టుకుని నడిచి వచ్చాను. వీధి చివర ఆ ఇద్దరూ లేరు. వాళ్ళు లేకపోవడం చూసి ఇంకా భయమేసింది. ఇక వాళ్ళకి ఇక్కడ చూడవలసింది ఏమీ లేదన్నమాట.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆయన భోజనం చేస్తున్నాడు. అత్తయ్య వడ్డిస్తోంది. నేను గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని కొత్త లెన్సు తుడుచుకుంటున్నాను. వదిన వచ్చింది. అలవాటుగా, “అత్తయ్యగారూ, ఏం చేశారు ఇవాళ?” అంటూ రాలేదు. గడప బయటే ఆగింది. చేతికి కొలత టేపు చుట్టుకుని ఉంది, ఎందుకో.

“రావే, లోపలికి రా. ఎండలో నిలబడ్డావేం?” అంది అత్తయ్య.

“టెంటుకి వెళ్ళొస్తున్నాను. మా ఆయన వెళ్ళొద్దంటే కూడా వెళ్ళాను. ఫోటో తీసిన రోజు పదిగంటలకి చిన్నగేటు దగ్గర ఎవరో కాగితం ఇచ్చారని టైమాఫీసు ఊడ్చేమనిషి చెప్పిందట. అది మా ఆయనేనని తేల్చారట. అదే పదిగంటలకి ఫోటోలో మా ఆయన మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు కదా, చూపిద్దామని వెళ్ళాను.”

“మంచి పని చేశావు! చూపించావా?” అంది అత్తయ్య.

“చూపించాను. పెద్దమేస్త్రీ చూశాడు. తప్పయిందన్నాడు.” వదిన మా ఆయన వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది. “చిన్నగేటు కూడా ఆ ఫోటోలోనే ఉంది. పైన, మూలకి. స్టూలు వేయించుకుని ఎక్కాను.”

మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. అత్తయ్య గరిటె పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “దారినపోయేవాడెవడో అయ్యుంటాడులే,” అంది. ఆ మాట ఎందుకన్నదో ఆవిడకే తెలియదు.

ఎన్నాళ్ళుగానో నేను లోపల వల్లెవేసుకున్న పాఠం ఒక్క మాటా తడబడకుండా బయటికొచ్చింది. “మూలల్లో ఏ లెన్సైనా మెత్తబడుతుంది వదినా. పైగా అంత పెద్ద ఫ్లెక్సీ వేస్తే చుక్కలు సాగిపోతాయి. అక్కడున్నది ఎవరో తీసిన నేనే చెప్పలేను. ఆ మొహం ఎవరిదైనా అనుకోవచ్చు.”

వదిన నా చేతిలో ఉన్న ఆకుపచ్చ ముక్కని చూసింది. వంగి, అంచు బొటనవేలితో తడిమింది. తన కుట్టు ఇంకా అక్కడే ఉంది.

“మొహం నేను చూళ్ళేదమ్మాయ్. జేబు చూశాను. అది కుట్టింది నేను.”